పదకొండున్నర దగ్గర లేని గీత

కూతురు గుమ్మంలో చెప్పులు కూడా విప్పలేదు.

“అమ్మా, ఆ రోజు ఆయన వచ్చారా?” అంది.

అమ్మ చేతిలో అల్లుడి స్వెటరు సగం మడతలో ఆగిపోయింది. నేల మీద నల్ల ట్రంకు పెట్టె నోరు తెరుచుకుని ఉంది. అందులో రెండు పుస్తకాల కట్టలు, గడ్డం గీసుకునే సామాను, ఒక కాడ విరిగిన కళ్ళజోడు. మూడున్నరేళ్ళుగా అటకెక్కిన సామానంతా ఆవిడ పొద్దుటి నుంచీ దించి సర్దుతోంది. రేపు రాత్రి రైలుకి అతను ఊరు వదిలి వెళ్ళిపోతున్నాడు. సాయంత్రం బండివాడు వచ్చి ఈ పెట్టె తీసుకెళ్ళి, దర్జీ కొట్టు మీదున్న అతని అద్దె గదిలో దింపేస్తే ఈ ఇంటికీ అతనికీ తెగిపోయినట్టే.

“ఏ రోజు?” అంది అమ్మ.

“ఏ రోజో నీకు తెలుసు.”

తెలియకేం! ఆ ఇంట్లో ‘ఆ రోజు’ ఒక్కటే. నాలుగేళ్ళ కిందట, ఐదో నెలలో, కూతురి కడుపు నిలవని రోజు.

“మిట్టమధ్యాహ్నం పని వదిలేసి వచ్చి అడిగేది ఇదా? భోంచేశావా?”

“వచ్చారా, లేదా?”

“అతను పంపించాడా నిన్ను? వెళ్ళేవాడు వెళ్ళకుండా ఇప్పుడు కొత్త పితలాటకం ఏమిటి? ఆ చేతిలో కాగితం ఏమిటి? కోర్టు కాగితమా?”

“కాదు. గీతల కాగితం.”

గీతల కాగితాలే ఆమె బతుకు. పరిశోధనశాలలో ఆమెకు ‘గీతలమ్మ’ అని పేరు. ఎవరు ఏ పొడి చేసినా, దాన్ని అదిమి ఏ బిళ్ళ కాల్చినా ఆమె ఎక్స్‌రే మిషను ముందుకు రావాల్సిందే. లోపల అణువులు ఏ వరసలో కూర్చున్నాయో మిషను గీతలుగా గీసిస్తుంది. ఆ గీతలు చదవడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. మనుషుల్ని చదవడంలో మాత్రం సున్నా. ఇది నేనంటున్న మాట కాదు, కాసేపట్లో ఆమే ఒప్పుకుంటుంది.

“పొద్దున నా బల్ల మీదికి ఒక బిళ్ళ వచ్చింది. పదిహేడో నంబరు,” అంది కూతురు. “డబ్బా మీద ఆ రోజు తారీఖు ఉంది.”

అమ్మ స్వెటరు మడత పూర్తి చేసింది. మళ్ళీ విప్పింది.

“మూడు నెలల కిందట సొరుగులు శుభ్రం చేస్తుంటే దొరికింది. ఆయన చేసిందే. నాలుగేళ్ళుగా ఎవరూ ముట్టుకోలేదు. కొలిచి చూస్తే అందరికీ మతి పోయింది. బ్యాటరీల కోసం చేసిన మిగతా బిళ్ళల్లో కన్నా దీంట్లో లిథియం నాలుగింతలు జోరుగా పరిగెడుతోంది. మరి అలాంటిది ఇంకోటి చేయమంటే ఎవరివల్లా కావడం లేదు. ఆయన పుస్తకంలో రాసినట్టే, చుక్క పొల్లుపోకుండా పదకొండు సార్లు కాల్చారు. పదకొండూ మామూలువే.”

“అయితే నాకెందుకే ఈ గోల?”

“విను. లాంథనం అని ఒకటుంది, బరువైంది, లావుపాటిది. లిథియం చిన్నది, చురుకైంది. రెండూ ఒకే మేడలో గదుల్లో ఉంటాయి. కొన్ని గదులు ఖాళీ. ఆ ఖాళీ గదులుంటేనే లిథియం కిటికీలోంచి దూరి ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళగలదు. బిళ్ళని నెమ్మదిగా చల్లారిస్తే లాంథనానికి తీరిక దొరుకుతుంది. ఒక అంతస్తంతా తనే నిండిపోయి, దాని పై అంతస్తు దాదాపు వదిలేస్తుంది, మళ్ళీ దాని పైది నింపేస్తుంది. ఇక లిథియం పైకీ కిందికీ పోలేదు. తన అంతస్తులోనే తిరుగుతుండాలి.”

“నీ మేడలూ నువ్వూనూ!”

“అంతస్తులు అలా పడితే నా కాగితం మీద పదకొండున్నర డిగ్రీల దగ్గర ఒక గీత లేస్తుంది. ఆ పదకొండు బిళ్ళలకీ లేచింది. దీనికి లేవలేదు.” కాగితం తల్లి ముందు పరిచింది. “మూడు సార్లు తీశాను. లేదు. అంటే లాంథనానికి సర్దుకునే తీరికే దొరకలేదు. అంటే ఈ బిళ్ళ కొలిమిలో నెమ్మదిగా చల్లారలేదమ్మా. ఎర్రగా కణకణలాడుతుండగా ఎవరో బయటికి లాగేశారు.”

అమ్మ కాగితం వైపు చూడలేదు. ఆవిడకి గీతలు రావు. కానీ ఆ పరిశోధనశాల నియమం ఒకటి బాగా వచ్చు. అల్లుడు ఆ ఇంట్లో అన్నం తిన్నన్నాళ్ళూ చెప్పేవాడు మరి. కొలిమిలో సరుకు ఉండగా మనిషి అక్కడి నుంచి కదలకూడదు. కొలిమి ఖాళీ అయితే, కరెంటు కట్టేసి ఎక్కడికైనా పోవచ్చు. ఒకసారి ఎవరిదో సరుకు కరిగి కారిపోయి కొలిమి పాడైందట, అప్పటి నుంచీ పెట్టారట. ‘కాపురానికి లేని కట్టుబాట్లు కొలిమికి!’ అని ఆవిడే ఎన్నోసార్లు ఎగతాళి చేసింది.

“సరుకు బయటికి లాగితేనే ఆయన కదలగలరు,” అంది కూతురు. “ఆ రోజు లాగారు. ఎక్కడికి వెళ్ళడానికి?”

వంటింట్లో కుళాయి చుక్కలు చుక్కలుగా కారుతోంది. అమ్మ లేచి వెళ్ళి కుళాయి బిగించి వచ్చింది. వచ్చి, పెట్టె పక్కన నేల మీద కూలబడింది.

“వచ్చాడు,” అంది.

కూతురు గోడకి ఆనుకుంది.

“ఆస్పత్రిలో నిన్ను లోపలికి తీసుకెళ్ళిన అరగంటకల్లా వచ్చాడు. చెమటలు కక్కుకుంటూ, రొప్పుతూ. ఒక చేతికి ఆ కొలిమి దగ్గర వేసుకునే ముతక గ్లౌజు అలాగే ఉంది. తీయడం కూడా మరిచిపోయాడు. నేనే అడ్డం పడ్డాను. ‘నీ కొలిమి దగ్గర నిలబెట్టి నిలబెట్టి దాని ప్రాణం మీదికి తెచ్చావు, నా కళ్ళబడకు పో’ అన్నాను. పల్లెత్తు మాట అనలేదు. కిందకి పోయి మందుల షాపు ముందు బల్ల మీద కూర్చున్నాడు. చీకటి పడేదాకా అక్కడే. నేను కిటికీలోంచి చూస్తూనే ఉన్నాను.”

“నేను అడిగాను కదమ్మా. కళ్ళు తెరవగానే అడిగాను.”

“అడిగావు. నాకు ఒళ్ళు మండిపోతోంది. పిల్ల పోయింది, నువ్వు తెల్లగా పాలిపోయి ఉన్నావు, ఎవర్ని తిట్టాలో తెలియలేదు. ‘కొలిమి చల్లారాక వస్తాడట’ అన్నాను. నోరు జారింది తల్లీ. ఒక్క మాట.”

ఆ ఒక్క మాట ఎంత పని చేసిందో కూతురికి తెలుసు. మర్నాడు అతను గదిలోకి వచ్చి మంచం పక్కన నిలబడితే, ముఖం గోడవైపు తిప్పుకుని, “కొలిమి చల్లారిందా?” అని అడిగింది తనే. అతను అత్తగారి వైపు చూశాడు. ఆ తరవాత, “ఆఁ, చల్లారింది,” అన్నాడు. ఆ చూపు తనకు కనిపించలేదు. గోడకేసి చూస్తున్నవాళ్ళకి ఏం కనిపిస్తుంది?

ఆ రోజు నుంచీ మొగుణ్ణి ‘మీరు’ అనడం మొదలుపెట్టింది. అంతకుముందు నువ్వు, ఒరేయ్, ఇంకా ఏవేవో ఉండేవి. ఆరు నెలలు ఒకే కప్పు కింద ‘మీరు’ అంటూ గడిపారు. ఆ మర్యాద భరించలేక అతను దర్జీ కొట్టు మీదికి మారిపోయాడు.

“నాలుగేళ్ళమ్మా,” అంది కూతురు. “రోజూ నా ఎదురుగా కూర్చుని తిన్నావు.”

“రోజూ చెబుదామనే అనుకున్నాను.”

“మరి?”

“చెబితే నన్ను కూడా వదిలేస్తావనిపించింది. అతనికి మర్నాడే చెప్పాను, ‘నా వల్ల పొరపాటైంది బాబూ, ఇప్పుడు నిజం చెబితే అది నన్ను దగ్గరికి రానివ్వదు, దానికి ఇప్పుడు నీళ్ళిచ్చే దిక్కు కూడా ఉండదు’ అని. చెప్పనని మాటిచ్చాడు. నాలుగు రోజులు పోతే సర్దుకుంటుందనుకున్నాం ఇద్దరం. మీరిద్దరూ సర్దుకోలేదు.”

కూతురు కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. వదిలేస్తానని అనలేదు. వదలనని కూడా అనలేదు. తల్లి ఎదురుచూసింది ఆ రెండో మాట కోసమే.

“కాస్త తిని వెళ్ళవే.”

“నేను తిరిగొచ్చేసరికి...” అని మొదలుపెట్టి కూతురు ఆపేసింది. ఏం చెప్పబోయిందో తనకే తెలియదు. గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అమ్మ మటుకు ఆ మాటని తనకు తోచినట్టు పూర్తి చేసుకుంది. మంచం కిందకి చూసింది. కూతురి కోసం ఆస్పత్రికి వచ్చినప్పుడు తను బట్టలు సర్దుకుని తెచ్చుకున్న ఆకుపచ్చ సంచి ఇంకా అక్కడే ఉంది.

*

కొలిమి గదిలోకి ఆమె అడుగుపెట్టి నాలుగేళ్ళయింది. గోడ మీద ఎర్రరంగుతో రాసిన నియమం వెలిసిపోయింది. దాని కింద అదే ఎత్తు పీట, అదే చిన్న కిటికీ, కొలిమి తలుపు కన్నంలోంచి అదే నారింజ వెలుగు. పీట మీద ఆమె భర్త. అక్కడ అందరూ ‘బిళ్ళలాయన’ అంటారు. పన్నెండో బిళ్ళ లోపల కాలుతోంది. లిథియం ఆవిరై పోకుండా బిళ్ళని అదే రకం పొడిలో పాతిపెట్టి, చిన్న మట్టి మూసలో మూతపెట్టి పదమూడు వందల డిగ్రీల్లో ఉంచాడు. మూడింటి నుంచి చల్లార్చడం మొదలెట్టాలి. ఇంకో ఇరవై నిమిషాలుంది. చొక్కా జేబులోంచి రేపటి రైలు టికెట్టు అంచు కనిపిస్తోంది.

“మీరా!” అని లేచి నిలబడ్డాడు.

“పదిహేడో నంబరు నా దగ్గరికి ఎవరు పంపారు?”

“పరిశోధనశాల పెద్దాయన పంపి ఉంటారు.”

“పెద్దాయన గదిలోంచే వస్తున్నాను. నువ్వే అడిగి పంపించావట.”

నువ్వు! నాలుగేళ్ళ తరవాత ఆ మాట వినపడింది. అతను కొలిమి అంకెల వైపు చూశాడు.

“గీత లేదు,” అంది ఆమె.

“తెలుసు.”

“నీ పుస్తకంలో ‘పద్దెనిమిది గంటలు నెమ్మదిగా చల్లార్చాలి’ అని ఉంది.”

“ముందురోజే రాసేశాను.”

“నీ సంగతి నాకు తెలీదూ? రేపు చేయబోయేది ఈ రోజే సిరాతో రాసేస్తావు. మరి జరిగింది వేరైతే కొట్టేయాలిగా? పదకొండు బిళ్ళలు! నువ్వు రాసిన అబద్ధాన్ని పదకొండు సార్లు కాల్చావు. పాపం పెద్దాయన జుట్టు పీక్కుంటున్నాడు.”

“తప్పే. తప్పు కాదని అనను.” పీట మీద మళ్ళీ కూర్చున్నాడు. “కొట్టేస్తే, ఎందుకు లాగావని అడుగుతారు. ఎక్కడికెళ్ళావని అడుగుతారు. నీ చెవిన పడుతుంది. అత్తయ్యగారికి చెప్పనని మాటిచ్చాను.”

“మరి ఇప్పుడెందుకు పంపావు?”

అతను కొలిమి తలుపు కన్నంలోకి వంగి చూశాడు.

“నేను చెప్పననే మాటిచ్చాను. బిళ్ళ చెప్పకూడదని ఇవ్వలేదు.”

ఆమెకు ఒళ్ళు మండింది. నవ్వు కూడా వచ్చింది. రెండూ కలిసి కళ్ళలోకి నీళ్ళు తెచ్చాయి.

“రైలు రేపనగా ఇవాళ తెలివొచ్చిందా? ఒకవేళ నేను ఆ గీత సంగతి పట్టించుకోకపోతే?”

“నువ్వు పట్టించుకోకపోవడమా!” అన్నాడు. ఆ మాటలో ఎంత నమ్మకముందో చూసి ఆమె ముఖం తిప్పుకుంది.

“గీతలు చదువుతాను. నీ ముఖం చదవడమే రాలేదు,” అంది.

బయట ఎవరో బండి మీంచి గ్యాసు సిలిండర్లు దించుతున్నారు.

“ఆ రోజు నువ్వు కావాలనిపించింది,” అంది ఆమె. “నొప్పి కన్నా అదే ఎక్కువగా ఉంది. తలుపు చప్పుడైనప్పుడల్లా చూశాను. నర్సు వచ్చేది. ఆయా వచ్చేది. నువ్వు కొలిమి ముందు కూర్చుని అంకెలు చూసుకుంటున్నావనుకుని, నిన్ను ఎంత తిట్టుకున్నానో! తిట్టుకుంటూనే మళ్ళీ తలుపు వైపు చూశాను.”

“కింద నుంచి నీ కిటికీ కనిపించేది. ఎడమ నుంచి మూడోది. దీపం వేశారు, కాసేపటికి తీసేశారు, మళ్ళీ వేశారు. తీసేసినప్పుడల్లా నా గుండె ఆగిపోయేది.”

“పైకి రావాల్సింది. అమ్మని తోసేసి అయినా రావాల్సింది.”

“రావాల్సింది,” అన్నాడు. “ఇప్పటికీ రోజూ ఆ మెట్లెక్కుతూనే ఉన్నాను.”

గోడ గడియారంలో మూడయింది. అతను లేచి, చల్లార్చే మీట మీద చెయ్యి వేయబోయాడు. ఆమె ముందుకొచ్చింది.

“ఆగు. ఆ రోజు తలుపు ఎవరు తీసి పట్టుకున్నారు?”

ఆ కొలిమి పాతది. తలుపు బరువైంది, వదిలితే దానంతటదే మూసుకుపోతుంది. ఒకరు తలుపు పట్టుకుంటే ఇంకొకరు పట్టకారుతో మూస తీయాలి. ఒంటిచేత్తో అయ్యే పని కాదు.

“ఎవరూ లేరు. అందరూ భోజనాలకి వెళ్ళారు.”

ఆమె అతని కుడిచేతి చొక్కా మడత పైకి లాగింది. మణికట్టు నుంచి మోచేతి దాకా కాలిన మచ్చ, నున్నగా, ముడతలు పడి. ఆ మచ్చ ఆమెకు కొత్త కాదు. ఆ ఆరు నెలల్లో అన్నం కంచం అందుకుంటున్నప్పుడల్లా చూసింది. ఏమైందని ఒక్కసారీ అడగలేదు. అడగకూడదని పంతం.

“ఇప్పుడు నేను పట్టుకుంటాను,” అంది. “తీయి.”

“పుస్తకంలో నెమ్మదిగా చల్లార్చాలని ఉంది.”

“పుస్తకంలో నేను రాస్తాను. నువ్వు తీయి.”

అతను కదల్లేదు. “ఇది తీసినంత మాత్రాన ఏమీ మారదు. రేపు నా రైలు...”

“రైలు సంగతి నేను అడిగానా?”

అడగలేదు. అడగాలని మాత్రం ప్రాణం కొట్టుకుపోతోంది. వెళ్ళకు అనే మాట నాలుక చివరే ఉంది. నాలుగేళ్ళు కాదనుకున్న మనిషిని ఏ ముఖం పెట్టుకుని ఆపడం? ఆమె గ్లౌజులు తొడుక్కుని, తలుపు పిడి రెండు చేతులా పట్టుకుని లాగింది. వేడి ఎగిసి ముఖాన కొట్టింది. లోపల ఏదీ విడిగా కనిపించలేదు, అంతా వెలుగే.

అతనూ ముతక గ్లౌజులు తొడుక్కుని పట్టకారు లోపలికి పెట్టాడు. మూసని బయటికి తీసి ఇటుక మీద దింపాడు. ఆమె తలుపు వదిలేసింది. దభీమని మూసుకుంది. అతను కుడిచేతి గ్లౌజు తీసి కరెంటు కట్టేశాడు.

ఇద్దరూ ఇటుక మీదికి వంగి చూశారు. నారింజ రంగు ఎరుపైంది. ఎరుపు అంచుల నుంచి నల్లబడుతూ వచ్చింది. ఒకరి భుజం ఒకరికి తగులుతోంది, ఎవరూ జరగలేదు.

“అత్తయ్యగారిని ఏమీ అనకు,” అన్నాడు మెల్లగా.

“ఏమీ అనలేదు.”

“అయ్యో, అదే తప్పు. ఏదో ఒకటి అనాల్సింది. ఆవిడ భయపడుతుంది.”

అప్పుడే గోడకున్న ఫోను మోగింది. ఆమె అందుకుంది. గేటు దగ్గర వాచ్‌మన్.

“అమ్మగారూ, మీ ఇంటి నుంచి పెద్దావిడ ఒకరు వచ్చారండీ. మన బిళ్ళలాయనగారికి ఇమ్మని ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టారు. ‘మా అల్లుణ్ణి ఇంటికెళ్ళమని చెప్పు’ అన్నారు. ఆగమంటే ఆగట్లేదండీ, బస్టాపుకేసి వెళ్ళిపోతున్నారు.”

“చేతిలో ఏముంది? నల్ల పెట్టెనా?”

“కాదండీ. ఆకుపచ్చ సంచి.”

ఆమె చేతిలో ఫోను అలాగే ఉండిపోయింది. చెప్పక్కర్లేకపోయింది, అతనికి వినిపించింది. ఒక్కసారి కొలిమి వైపు చూశాడు. ఆ అలవాటు ఎక్కడికి పోతుంది! కొలిమి ఖాళీ. కరెంటు లేదు. ఇక అతన్ని అక్కడ కట్టిపడేసే నియమం ఏదీ లేదు.

పట్టకారు వదిలేసి పరిగెత్తాడు.

ఆమె కిటికీ దగ్గరికి వెళ్ళింది. కింద పొడవాటి ఆవరణ, సిలిండర్ల బండి, ఆ చివర గేటు. గేటు అవతల రోడ్డు వార ఆకుపచ్చ సంచి నెమ్మదిగా కదులుతోంది. మలుపు తిరిగి బస్సు వస్తోంది. అతను బండిని తప్పించుకుని, వాచ్‌మన్ చాచిన తాళంచెవి అందుకోకుండానే గేటు దాటాడు. ఎడమచేతికి ముతక గ్లౌజు అలాగే ఉంది.

ఆ రోజు తన కోసం కూడా ఇలాగే పరిగెత్తి ఉంటాడు. నాలుగేళ్ళు ఆలస్యంగా, ఆమె ఆ పరుగు కళ్ళారా చూసింది.

“వెళ్ళకు,” అంది కిటికీ అద్దంతో. ఆ మాట అమ్మకో అతనికో ఆమె తేల్చుకోలేదు.

బస్సు ఆగింది. రేపటి టికెట్టు అతని జేబులోనే ఉంది.